సిగ్నల్ రాని చోటే కావాలి

పాచిపెంటలో రేడియో మెకానిక్‌గా బతకాలనుకున్నవాడికి సోల్డరింగ్ కంటే ముందు కొండల్ని తిట్టుకోవడం అలవాటవుతుంది. మాకు పడమరా ఉత్తరమూ తూర్పు కనుమలే. విశాఖపట్నానికి తిన్నగా గీత గీస్తే వంద కిలోమీటర్లు ఉండదు. అయినా అక్కడి ఎఫ్‌ఎం మా ఊళ్ళో ఒక వీధిలో పలికి పక్క వీధిలో పలకదు. కొండ మలుపు తిరిగి లోపలి ఊళ్ళకి పోతే ఆ కాస్తా ఉండదు. మీడియం వేవ్ రోజుల్లో ఈ బాధ తెలియలేదు. ఆకాశవాణి విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. మూడు వందల మీటర్ల పైచిలుకు పొడుగున్న అలకి కొండ పెద్ద అడ్డు కాదు, చుట్టుకుని అవతలి పక్కకి దిగిపోతుంది. సెట్టు పలకలేదంటే సెల్లులు అయిపోయాయన్నమాట, అంతే. టీవీలు వచ్చాక, ఆ వెనక ఎఫ్‌ఎం వచ్చాక మొదలైంది పేచీ. సంతరోజున కొండచీపుర్లూ చింతపండూ అమ్ముకున్న డబ్బుల్లోంచి సెట్టు కొనుక్కున్న మనిషి వారం తిరక్కుండా దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "బావూ, ఇది నీకాడ మాటాడతంది, మా ఊరెల్తే మాటాడదు, ఏటి మాయ?" అనేవాడు. సెట్టులో ఏ లోపమూ ఉండేది కాదు. విప్పి, దుమ్ము దులిపి, ఏరియల్ బిగించి, డబ్బులు తీసుకోకుండా పంపేవాణ్ణి.

పని నేర్చుకున్నది సాలూరులో. సాలూరంటే లారీల ఊరు. నేను కుర్రాడిగా చేరింది లారీ వైరింగ్ షాపులో. హెడ్‌లైట్లూ హారన్లూ అయ్యాక క్యాబిన్‌లో పాటల సెట్టు చూడాలి. పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి మీదుగా కోరాపుట్ పోయే డ్రైవర్లకి రాత్రంతా తోడు అదే. లారీకి బిగించే సెట్టు పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద కుదుపులకి ఓర్చుకోవాలి, బండి కదులుతుండగా సన్నటి సిగ్నల్ని కూడా వదలకుండా పట్టుకోవాలి. ఈ రెండో గుణం విలువ ఆ రోజుల్లో నాకు పట్టలేదు. ఇవాళ నేను ఉల్కల్ని వినే పెట్టె అలాంటిదే, ఓ పాత లారీలోంచి ఊడదీసిన స్టీరియో.

ఉల్కల్ని వినడమేమిటి అని అందరూ అడుగుతారు. చుక్క రాలితే చప్పుడవుతుందా అని మా ఆవిడా అడిగింది. చప్పుడు దానిది కాదు. రాలే చుక్క చాలామటుకు ఇసుక రేణువంతే ఉంటుంది. సెకనుకి 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దిగి, నేలకి 80 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తులో మండిపోతుంది. పోతూ పోతూ గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడగొట్టి, కిలోమీటర్ల పొడుగున ఒక సన్నటి గీత వదులుతుంది. కంటికి కనిపించే వెలుగు ఆరిపోయినా ఆ ఎలక్ట్రాన్ల గీత కాసేపు నిలుస్తుంది. ఎఫ్‌ఎం అలలు మామూలుగా ఆకాశంలోకి వెళ్ళిపోయేవే, తిరిగి రావు. ఆ గీత అడ్డుపడిన క్షణాన మాత్రం అద్దం మీద పడ్డ ఎండలా పక్కకి తిరిగి, వందల కిలోమీటర్ల అవతల నేలకి దిగుతాయి. నాకు వినిపించేది ఎక్కడో దూరాన ఉన్న రేడియో స్టేషను గొంతు. ఉల్క ఆ గొంతుని సెకనులో పదోవంతు సేపు నా దగ్గరికి తిప్పి పంపుతుంది. అదృష్టం బాగుంటే పది సెకన్లు కూడా.

కాబట్టి ఈ పనికి కావలసిన మొదటి వస్తువు ఖాళీ. డయల్ మీద ఒక పాయింటు దగ్గర మన ఊళ్ళో ఏమీ పలకకూడదు. అదే పాయింటు మీద అయిదారు వందల కిలోమీటర్ల నుంచి పదిహేను వందల కిలోమీటర్ల మధ్య ఎక్కడో గట్టి ట్రాన్స్‌మిటర్ ఒకటి పగలూ రాత్రీ పనిచేస్తూ ఉండాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాడికి ఈ ఖాళీ దొరకడం కష్టం. డయల్ అంతా స్టేషన్లే, ఒకదాని పక్క ఒకటి, వాటి మధ్య సందుల్లో కూడా వాటి చిమ్ములే. కొండ నీడలో ఉన్న నాకు మాత్రం డయల్‌లో ముప్పాతిక వంతు ఉత్త హోరు. ఇన్నేళ్ళు ఏ హోరు పోగొట్టమని గిరాకీలు నన్ను పీక్కుతిన్నారో, ఆ హోరే ఇప్పుడు నా పెట్టుబడి.

నేను ఇందులోకి వచ్చింది లైసెన్సు తీసుకుని సరదాకి గాల్లో మాట్లాడుకునే హామ్ రేడియో వైపు నుంచి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలూ సెల్ టవర్లూ పడిపోయి జిల్లాలకి జిల్లాలే మూగబోయాయి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి హామ్‌లు సెట్లు పట్టుకుని విశాఖ వచ్చారని అప్పుడు తెలిసింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు అండమాన్ నుంచి కబుర్లు బయటికి చేరవేసిన భారతీ ప్రసాద్ గారిదీ ఆ సంస్థేనని ఆనక తెలుసుకున్నాను. రేడియోలు బాగుచేస్తూ జుట్టు నెరిసిపోయింది, నా నోటితో ఒక్క మాట కూడా గాల్లోకి పంపలేదే అనిపించింది. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్ష రాశాను. మోర్స్ కోడ్ అక్కర్లేని తరగతిదే. కొంతకాలానికి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ చేతికి వచ్చింది.

ప్రసారం చెయ్యాలంటే లైసెన్సు తప్పదు. ఉల్కల పని అంతా వినడమే కాబట్టి దానికి ఎవరి అనుమతీ వద్దు. నా చిన్నప్పుడు ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టాలి, దానికో చిన్న పుస్తకం కూడా ఉండేది. 1980ల్లో దాన్ని ఎత్తేశారు. హామ్‌లు ఉల్కల మీంచి మాట్లాడుకోవడం కూడా ఉంది. సెకనులో చిన్న ముక్క సేపు తెరుచుకునే దారిలోంచి సందేశాన్ని పదేపదే వేగంగా తోస్తారు. అందుకు వాడే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసినాయన జో టేలర్, 1993లో భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. ఆయనా హామే. నేనింకా అక్కడిదాకా పోలేదు. వినడంలోనే తెల్లారిపోతోంది.

స్టేషను ఎంచుకోవడానికి చాలా రోజులే పట్టింది. హైదరాబాద్ నాకు సుమారు అయిదు వందల కిలోమీటర్లు, కాస్త దగ్గర. ఢిల్లీ పన్నెండు వందలు దాటుతుంది. కోల్‌కతా, చెన్నై రెండూ ఏడు వందలకి అటూ ఇటూ, సరిగ్గా సరిపోతాయి. చివరికి చెన్నై ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.4 మెగాహెర్ట్జ్ పట్టుకున్నాను. దానికీ ఒక చిక్కుంది. బెంగళూరు రెయిన్‌బో 101.3 మీద ఉంటుంది, ఈ రెండింటికీ ఎడం ఒక్క గీత. ఎఫ్‌ఎం సెట్టు స్వభావం ఏమిటంటే రెండు సిగ్నళ్ళు కలబడితే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని మింగేస్తుంది. అందుకని చెన్నై కోసం కూర్చున్నవాడికి అప్పుడప్పుడూ తమిళం బదులు కన్నడం పలుకుతుంది. ఉల్కల లెక్కకి అయితే ఏ భాషైనా ఒకటే. విశాఖ రెయిన్‌బో 102.0. అది ఊళ్ళో వచ్చే చోట కూర్చుంటే 101.4ని కూడా చెడగొడుతుంది. కొండ చాటుకి జరిగితే గొడవ లేదు.

యాంటెన్నా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందులో నా చేతిపని ఉంది. 101.4 మెగాహెర్ట్జ్ అంటే అల పొడుగు 2 మీటర్ల 96 సెంటీమీటర్లు. దాంట్లో సగానికి కాస్త తక్కువ, అంటే 1 మీటరు 41 సెంటీమీటర్లు, మధ్య కడ్డీ. వెనక కడ్డీ దానికంటే ఓ ఏడెనిమిది సెంటీమీటర్లు పొడుగు, ముందు కడ్డీ అంతే పొట్టి. మూడూ ఒకే వెన్నుగర్ర మీద, మధ్యలో అర మీటరు చొప్పున ఎడం. యాగి యాంటెన్నా అంటే ఇంతే. అల్యూమినియం గొట్టాలకి కొదవ లేదు. డిష్‌లు వచ్చాక ఇళ్ళ మీంచి దించేసిన దూరదర్శన్ యాంటెన్నాలు నా పెరట్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని అప్పుడు ఎక్కించినవాణ్ణి నేనే, ఇరవై అడుగుల గొట్టాలు పాతి, బూస్టర్లు బిగించి. వెన్నుగర్రకి వెదురు వేశాను. వెదురులో కరెంటు పారదు, కడ్డీల్ని దేనితోనూ విడదీయనక్కర్లేదు. మా చుట్టుపక్కల అంతకంటే చవకైన వస్తువూ లేదు. మధ్య కడ్డీని పాత టీవీ యాంటెన్నాలో ఉన్నట్టే మడత డైపోల్‌గా వంచాను. గొట్టం వంచేటప్పుడు లోపల ఇసుక కూరి రెండు చివర్లూ మూసెయ్యాలి, లేకపోతే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. ఆ పాత యాంటెన్నాల డబ్బాల్లోనే డైపోల్‌కీ కిందికి దిగే తీగకీ జత కుదిర్చే బాలన్ ఉంటుంది. తుప్పు గీకి సోల్డరింగ్ కొత్తగా వేస్తే మళ్ళీ పనికొస్తుంది. కిందికి కేబుల్ టీవీ వాళ్ళ ఆర్‌జీ-6 తీగ.

దాన్ని ఎటు తిప్పాలన్నది రెండో ప్రశ్న. చెన్నైకీ పాచిపెంటకీ నడిమధ్య స్థలం మచిలీపట్నానికి ఎదురుగా బంగాళాఖాతం మీద పడుతుంది. ఆ చోట వంద కిలోమీటర్ల ఎత్తు మా ఊరి నుంచి చూస్తే నేలకి పదిహేను డిగ్రీల పైన, దక్షిణం నుంచి కొంచెం పడమరకి. మూతిని అంత ఎత్తి పెడతాను. బందరు తీరాన ఎవరూ చూడకుండా సముద్రం మీద మండిపోయే రేణువు నా దగ్గర ఓ తమిళ పాట ముక్కై దిగుతుంది. మా దక్షిణపు వైపు కొండలు మరీ ఎత్తుగా లేని జాగా వెతుక్కోవడమే తరవాయి. పెద్దగెడ్డ రిజర్వాయర్ గట్టు మీదా, ఇద్దరు ముగ్గురు రైతుల జీడితోటల్లోనూ పెట్టి చూశాను. ఆఖరికి ఒక కొండవాలు ఊరి బడి దగ్గర కుదిరింది.

కొండ మీద ఏరియల్ ఎత్తితే మా ప్రాంతంలో ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఒడిశా సరిహద్దు ఇది, అడగడం వాళ్ళ ధర్మం. ఒకసారి మఫ్టీలో ఇద్దరు వచ్చారు. లైసెన్సు కాగితం చూశారు, కాల్‌సైన్ రాసుకున్నారు, సెట్టులో మైకు ఉందా అని వెతికారు. లేదు. హెడ్‌ఫోన్ పెట్టిస్తే అందులో పెద్దాయన చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "ఏమీ రావట్లేదు కదయ్యా" అన్నాడు. "అదేనండీ, రానప్పుడే కూర్చోవాలి" అన్నాను. ఆయన రెండోవాడి వైపు చూసిన చూపుకి నాకే నవ్వొచ్చింది.

సెట్టు సంగతి. కొత్త స్టీరియోలు ఈ పనికి పనికిరావు. స్టేషను లేనిచోట హోరు వినిపించకుండా నోరు నొక్కేసే ఏర్పాటు వాటిలో ఉంటుంది. వినేవాడికి అది సుఖం, నాకు అదే అడ్డు. పాత సెట్టులో ఆ ఏర్పాటు ఉండదు, ఉన్నా ఒక తీగ కోస్తే పోతుంది. మోనోలో పెట్టాలి. ఈమధ్య ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు వేలెడంత డాంగిల్ ఒకటి తెచ్చాడు. అసలది కంప్యూటర్‌లో టీవీ చూడటానికి చేసిన వస్తువు. అందులోని రియల్‌టెక్ చిప్పుని ఏ స్టేషనైనా పట్టే రేడియోగా వాడొచ్చని 2012లో ఔత్సాహికులు బయటపెట్టారు. రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కి పెట్టి, స్పెక్ట్రమ్ ల్యాబ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ నడిపితే వినేది తెర మీద కనిపిస్తుంది. కాలం పైనుంచి కిందికి జారుతూ ఉంటుంది, సిగ్నల్ వచ్చిన చోట వెలుతురు మచ్చ పడుతుంది. మేనల్లుడికి తెర మీద నమ్మకం. "మామయ్యా, చెవి అలిసిపోతుంది, కంప్యూటర్ అలవదు" అంటాడు. నిజమే. కానీ ఏది ఉల్క, ఏది కాదు అన్న తీర్పు నేను చెవితోనే చెప్తాను, ఆనక తెర చూస్తాను.

ఇద్దరికీ తగువు రానిది ఒక్క విషయంలోనే, కరెంటు. ఎల్‌ఈడీ బల్బుల లోపలి డ్రైవర్లు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్లు, ప్రతీదీ ఓ చిన్న ట్రాన్స్‌మిటరే. చవకరకం బల్బు ఒకటి వెలిగితే ఎఫ్‌ఎం మీద అంతా జుయ్‌మంటుంది. ఇప్పుడు నా షాపుకి వచ్చే రిపేరుల్లో ఎక్కువ భాగం ఇవే, నా అన్నం ఇవే, కాబట్టి పెద్దగా తిట్టలేను. లైన్ పోయిన రాత్రి ఊరంతా విసనకర్రలు పట్టుకుంటే నేను హెడ్‌ఫోన్ పట్టుకుంటాను. బ్యాటరీ మీద నడిచే లారీ సెట్టుకి అంతకంటే మంచి వేళ లేదు.

రోజులో మంచి వేళ తెల్లవారుజాము. భూమి సూర్యుడి చుట్టూ తన దారిన పోతుంటే ముందుకి చూసే వైపున మనం ఉండేది అప్పుడే. ఉల్కలు ఎదురొచ్చి తగులుతాయి. ఆరు గంటల ప్రాంతంలో లెక్క పైకి వెళ్తుంది, సాయంత్రం ఆరుకి అట్టడుగుకి పోతుంది. ఉల్కల జల్లు ఉన్న రోజే కూర్చోవాలని లేదు. ఏ జల్లుకీ చెందని ఉల్కలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. అంతరిక్షం నుంచి రోజూ కొన్ని పదుల టన్నుల ధూళి భూమి మీద పడుతుందంటారు. నాలుగు గంటలకి లేచి కూర్చుంటే హోరులోంచి ముందు చిన్న చిన్న టిక్కులు వస్తాయి. అది పాటా మాటా అన్నది కూడా తేలదు, అక్షరంలో సగం. అలాంటివే ఎక్కువ. ఎప్పుడో ఒకటి మాత్రం నిలబడుతుంది. హోరు ఒక్కసారిగా తెగిపోతుంది, పక్క గదిలో ఎవరో రేడియో పెట్టినంత స్పష్టంగా ప్రకటన చదివే అమ్మాయి గొంతో, నాదస్వరమో వచ్చి, మూడు నాలుగు సెకన్లకి వణికి, మళ్ళీ హోరులోకి మునిగిపోతుంది. లావుపాటి ఉల్క గీత అది. వణుకు ఎందుకంటే అంత ఎత్తులో వీచే గాలి గీతని వంకరలు తిప్పుతుంది. ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చిన అలలు ఒకదాన్నొకటి ఓసారి పెంచుకుంటాయి, ఓసారి కొట్టేసుకుంటాయి.

ఈ లెక్కల్లో నాకు తీరని బాధ ఒకటుంది. చిన్న ఉల్క ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందన్నది అల పొడుగు మీద ఆధారపడుతుంది, అదీ దాని వర్గం మీద. అల రెట్టింపయితే ఆయుష్షు నాలుగింతలు. పాత దూరదర్శన్ కింది ఛానళ్ళు 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య ఉండేవి. నాకు ఇప్పుడు టిక్కుగా వచ్చేది అక్కడ స్పష్టమైన ముక్కగా వచ్చేది. ఆ ట్రాన్స్‌మిటర్లని ఈ దశాబ్దం మొదటికల్లా దాదాపు అన్నిటినీ ఆపేశారు. యూరప్‌లో ఈ పని చేసేవాళ్ళకి 143.05 మెగాహెర్ట్జ్ మీద ఫ్రాన్స్ సైన్యం వారి గ్రేవ్స్ రాడార్ ఉంది, పాటా మాటా లేని నిఖార్సైన కూత. బెల్జియం వాళ్ళయితే ఉల్కల కోసమే 49.97 మీద ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. మనకి పాటలే గతి.

ఏది రాయాలో తెలుసుకోవడం కంటే ఏది కొట్టెయ్యాలో తెలుసుకోవడమే ఇందులో అసలు విద్య. విమానం మీంచి కూడా అల తిరుగుతుంది, కాని అది మెల్లగా పెరిగి, ఊగి, మెల్లగా తగ్గుతుంది. ఉల్క అలా రాదు, ఎక్కేటప్పుడు ఠక్కున ఎక్కుతుంది. పిడుగు తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డగీత గీస్తుంది, ఉల్క స్టేషను ఉన్న చోటే మచ్చ పెడుతుంది. వేసవి పగళ్ళలో ఆ ఎత్తులోనే అయాన్ల పొర ఒకటి దట్టంగా కట్టి, దూరపు స్టేషన్లని నిమిషాల తరబడి మోసుకొస్తుంది. అసలు తంటా సముద్రంతో. బంగాళాఖాతం మీద గాలి పొరలు పొరలుగా నిలిచిపోయిన రోజుల్లో తీరం వెంబడి స్టేషన్లు గంటల తరబడి వరసగా పలుకుతాయి. రేడియో వినేవాడికి పండగ, నాకు ఆ పూట పని సున్నా. పుస్తకం మూసేస్తాను. అనుమానం వచ్చినదాన్ని ఉల్కల గడిలో రాయను. 'కొట్టేసినవి' అని వేరే గడి ఉంది, అది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

బడి దగ్గర పెట్టాక పిల్లలు చేరారు. వాళ్ళది హాస్టల్ బడి, సైన్స్ మేష్టారు మనసున్న మనిషి. డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్ జల్లు. అర్ధరాత్రి దాటాక మిథునరాశి నడినెత్తికి వస్తుంది, మాకు మంచు తప్ప మబ్బుండదు. పిల్లల్ని రెండు జట్లు చేశాం. ఒక జట్టు బయట దుప్పట్లు కప్పుకుని ఆకాశం చూస్తూ చుక్క రాలగానే కేక వెయ్యాలి, రెండో జట్టు లోపల సెట్టు ముందు కూర్చుని ప్రతిధ్వనికి గీత గియ్యాలి. రెండూ కలుస్తాయని అందరి ఆశ. బయట "సుక్క! సుక్క!" అని కేకలు, లోపల హోరు. లోపల టిక్కుమంటే బయట నిశ్శబ్దం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లోపలికి వచ్చి నడుం మీద చెయ్యేసుకుని, "సార్, ఇంత పెద్ద సుక్క రాలిపోనాది, మీ రేడియో అరవనేదు. ఇది పాడైపోనాదేటి?" అంది. మెకానిక్‌ని పట్టుకుని.

సెట్టు పాడవలేదు. నడినెత్తిన రాలిన చుక్క చెన్నై అలని మా వైపు తిప్పేలా ఉండదు. గీత పడిన కోణం చెన్నైకీ మాకూ సరిగ్గా కుదరాలి. బందరు పైన రాలినవాటిలో కూడా కోణం కుదరనివి మాకు వినిపించవు. అందుకే ఆ రాత్రి కేకలు వేరు, గీతలు వేరు. గోడ మీద సుద్దముక్కతో చెన్నై, పాచిపెంట, మధ్యలో సముద్రం గీసి చెప్పాను. ఆ పిల్ల ఒప్పుకున్నట్టే తలాడించి, బయటికి పోయి తన జట్టుని దక్షిణం వైపు తిప్పి కూర్చోబెట్టింది, నడినెత్తిన చూడొద్దు, కొండ మీదుగా కింద చూడండి అని. తెల్లవారేలోపల రెండు మూడుసార్లు కేకా గీతా ఒకేసారి పడ్డాయి. అలాంటి ఒకదానికి మేష్టారు కూడా కేక వేశారు. మామూలు రాత్రులతో పోలిస్తే గీతలు బాగా ఎక్కువే వచ్చాయి. ఆ జల్లుకి మూలం 3200 ఫేథాన్ అనే గ్రహశకలమనీ, దాన్ని 1983లో ఉపగ్రహం పట్టిచ్చిందనీ మర్నాడు మేష్టారు బోర్డు మీద రాశారు.

నేను పిల్లలకి చెప్పిన కథ వేరు, నా వృత్తివాళ్ళ కథ. 1941లో చమన్‌లాల్, వెంకటరామన్ అనే ఇద్దరు ఆకాశవాణి ఇంజనీర్లు షార్ట్‌వేవ్ ప్రసారాలు వింటుంటే మధ్యమధ్య సన్నటి ఈలలు వినిపించేవి, ఎత్తు నుంచి కిందికి జారే ఈలలు. ఇంకొకరైతే సెట్టు లోపమని వదిలేసేవారు. దూసుకొచ్చే ఉల్క మీంచి తిరిగొచ్చిన అల, నేరుగా వచ్చిన అలతో కలిసి ఆ ఈల పుట్టిస్తోందని వాళ్ళు తేల్చారు. దానికీ ముందు, 1933లో లియోనిడ్ జల్లు వేళ కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర బృందం అయాన్ల పొర మీద ఉల్కల ప్రభావం చూసి నేచర్ పత్రికకి రాసింది. మనవైపు చూస్తే 1960ల్లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతిక శాస్త్ర విభాగంలో ఎం. శ్రీరామారావు గారి బృందం ఉల్కల రేడియో ప్రతిధ్వనుల్ని కొలిచింది. విశాఖ మాకు పెద్దాసుపత్రి ఊరు, అక్కడ ఇది కూడా జరిగిందని చెబితే పిల్లలు కొంచెం నిటారుగా కూర్చున్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. 130 మీటర్ల చదరంలో మూడు కడ్డీల యాగిలు 1024 జతలు. ఒక్క యాగిని తీసి చూస్తే మన వెదురుగర్ర మీద ఉన్నదానికీ దానికీ కడ్డీల లెక్కలో తేడా లేదని చెప్పాను. మేష్టారు నవ్వారు గానీ కాదనలేదు.

"రాలిపోయిన చుక్కల లెక్క రాస్తే డబ్బులెవడిస్తాడు?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఎవడూ ఇవ్వడు. కాని కంటితో చూసేవాళ్ళకి లేని వసతి ఒకటి మాకుంది. పెర్సీడ్ జల్లు ఆగస్టు 12, 13ల్లో వస్తుంది. ఉత్తర దేశాల్లో దానికోసం దుప్పట్లు పరుచుకుంటారట. మా మన్యంలో ఆ రోజుల్లో మబ్బు కొండ దిగి వీధిలోకి వస్తుంది, చుక్క కనిపించిన పాపాన పోదు. రేడియోకి మబ్బు లెక్కలేదు. పగలూ లెక్కలేదు. 1999 నవంబరు 18న లియోనిడ్ల తుపాను పతాక స్థాయికి చేరేసరికి మనకి ఉదయం ఏడున్నర, ఎండొచ్చేసింది. కళ్ళు అప్పుడు ఏం చెయ్యగలవు? 1947లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో రాడార్ పెట్టి చూస్తే పట్టపగలు మాత్రమే కురిసే జల్లులు ఉన్నాయని తేలింది. వాటిలో పెద్దది ఏరియెటిడ్, జూన్ 7 ప్రాంతంలో. అది సూర్యుడికి దగ్గరగా ఉన్న దిక్కు నుంచి వస్తుంది కనక కంటికి దొరికేది తెల్లవారే ముందు ఏ ఒకటో రెండో.

నాకు ఈసారి అదే కావాలి. బడికి అప్పటికింకా సెలవులు, హాస్టల్ ఖాళీ, ఛార్జర్ల జుయ్ ఉండదు. వచ్చే చిక్కల్లా వానతోనే. సరిగ్గా ఆ వారమే మొదటి వానలు దిగుతాయి. ఆర్‌జీ-6 తీగ చివర చుక్క నీరు దిగిందంటే జల్లెడలాంటి పైతొడుగు వెంట అడుగులకి అడుగులు పాకుతుంది, సిగ్నల్ సగం అక్కడే చచ్చిపోతుంది. పైన టేపు చుడితే చాలదు. బాలన్ డబ్బాకి ఎం-సీల్ పెట్టి, తీగ డబ్బాలోకి దూరే చోట కిందికి ఒక వంపు ఇవ్వాలి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోయేలా. పాత తీగ ఎలకలు కొరికాయి, మార్చక తప్పదు. సాలూరులో కేబుల్ ఆపరేటర్ ఒకాయన దగ్గర వాడని చుట్టలు రెండున్నాయట. మే నెలలో ఓ సంతరోజు చూసుకుని వెళ్ళి తెచ్చుకోవాలి.